ఎదుటి పార్టీ

ఆయన పోయిన సంగతి నాకు నెయ్యి అమ్మే ఆవిడ చెప్పింది. చంద్రగిరి వైపు నుంచి నెలకొకసారి చిత్తూరుకు వచ్చి, మా వీధిలో నాలుగిళ్ళకు నెయ్యి పోసి పోతుంది. గిన్నెలోకి వంచుతూ వంచుతూ, "తిరపతిలో మీరుండిన ఇంటాయప్ప, ఆ కోర్టాయప్ప, పోయినాడమ్మా. పది దినాలైంది. ఎంత భక్తుడమ్మా! అట్లాంటోళ్ళు ఇంక పుట్టరు," అంది.

గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళి దేవుడి ముందు దీపం వెలిగించాను. ఆయన ఆత్మకు శాంతి ఇవ్వమని అడగబోయి ఆగాను. "ఆత్మను చూసిందెవురు? సాక్షి పేరు చెప్పు," అని ఆయన గొంతు వినబడినట్టయింది. నేను మొదట ఎరిగిన మనిషి అలా అడిగే మనిషి. నెయ్యావిడ ఎరిగిన భక్తుడు వేరు. మొదటి మనిషి రెండో మనిషిగా ఎలా మారాడో ఇంటి లోపలి నుంచి చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అందులో నా చెయ్యి కూడా ఉంది గనక రాస్తున్నాను.

మా ఆయనకు తిరుపతి బస్సు డిపోలో పని దొరికిన కొత్తలో, అలిపిరికి పోయే దారిలో వాళ్ళింట్లో ఒక భాగం అద్దెకు తీసుకున్నాం. మధ్యలో ఒకటే గోడ. ఈ పక్క అప్పడం విరిస్తే ఆ పక్క వినబడేది. ఇంటాయన చిత్తూరులో ఒక కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాడు. సాక్షుల చేత ప్రమాణం చేయించడం ఆయన పని. నేను ఆయన్ని మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. వాళ్ళకు పిల్లలు లేరు.

పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీద ఉండేది, కళ్ళ మీద ఉండేది కాదు. చెవి వెనుక పెన్సిలు. ఎదుటివాళ్ళు నోరు జారి తమ మాటకు తామే అడ్డుపడే మాట ఒకటి అన్నారంటే చాలు, పక్కన ఎవరో గుమాస్తా కూర్చుని ఉన్నట్టు గాలిలోకి చెయ్యి చూపి "రాసుకో!" అనేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని అత్త ఒప్పుకున్నా "రాసుకో!" దేవుణ్ణి ఆయన దేవుడనేవాడు కాదు. ఎదుటి పార్టీ అనేవాడు.

"ముప్పై ఏండ్లు, అమ్మణ్ణీ, దేవుని ఎదుట నిజమే చెప్తానని నా ముందర ఎంతమంది చెప్పినారో! ఒక పొలానికి ఇద్దరు అన్నదమ్ములు వస్తారు. ఇద్దురూ ప్రమాణం చేస్తారు. ఇద్దుర్లో ఒకడు అబద్ధం చెప్పినట్టే గదా? ఒక్కడి నాలికన్నా ఊడిపడిందా? ఎదుటి పార్టీకి ఎన్ని నోటీసులు పోయినా హాజరు కాడు."

కొండ దిగి వచ్చే యాత్రికులు మా అరుగు మీద నీడకు కూర్చునేవాళ్ళు. ఆయన వాళ్ళకు చెంబుతో నీళ్ళిచ్చేవాడు. అది పుణ్యమని కాదు. నీళ్ళు తాగినవాడు లేచి పోలేడు గనక. ఒకరోజు ఒక పడుచు పిల్ల, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు, చంకలో ఏడాది బిడ్డతో కూర్చుంది.

"యా ఊరు?"

"పుంగనూరు తట్టు సామీ."

"ఏం మొక్కుబడి?"

"బిడ్డకు జొరమొచ్చి మూడు వారాలు కండ్లు తెరవల్యా సామీ. గోవిందుడు కాపాడినాడు. తల ఎంటికలు ఇస్తానని మొక్కుంటి."

"డాక్టరుకు చూపించలేదా?"

"సూపిచ్చినాం. సూది ఏసినాడు."

"అయితే నయం చేసింది సూదా, ఎంటికలా?"

ఆ పిల్ల నవ్వింది. "రెండూ సామీ."

"ఇది తొలి బిడ్డేనా?"

"ల్యా సామీ. దీనికి ముందర ఆడబిడ్డ. పోయింది."

"దానికీ మొక్కుకుంటివా?"

నవ్వు ఎక్కడికి పోయిందో. "మొక్కుంటి."

"ఏం మొక్కుంటివి?"

"ఇదే సామీ. ఎంటికలే."

"అదే దేవుడు, అదే మొక్కు. ఒక బిడ్డ ఉండాది, ఒక బిడ్డ ల్యా. రాసుకో!"

ఆ పిల్ల పైట కొంగు గుండు మీదికి లాక్కుని, బిడ్డను అదుముకుని ఏడ్చింది. లోపలి నుంచి అత్త, "ఇదో, ఆయమ్మను వదలండి. నడిచొచ్చిన మనిషి," అంది. "నేనేమన్నా కొట్టినానా? అడిగినాను," అన్నాడాయన. నిజంగానే అంతకన్నా ఏమీ చేయలేదనే ఆయన నమ్మకం. నేను మజ్జిగ పట్టుకుని పోయాను. ఆ పిల్ల మజ్జిగకు నాకూ, నీళ్ళకు ఆయనకూ దణ్ణం పెట్టి లేచిపోయింది.

నాకు బడి లేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, నాలుగు లెక్కలూ, పంచాంగం చూడటమూ నేర్పించాడు. వాటితోబాటు ఇంకొకటి కూడా నేర్పించాడు. చిన్న మేలు జరిగినా పైకి చూసి దణ్ణం పెట్టుకోవడం. పాలు పొంగిపోకుండా చూసుకున్నా, పిల్లలు బడి నుంచి క్షేమంగా వచ్చినా, "నీ దయ సామీ" అనుకునేదాన్ని. అది గోడ అవతలికి వినబడేది.

"ఏం అమ్మణ్ణీ, ఇప్పుడేమిచ్చినాడు?"

"కొళాయి వచ్చింది మామా."

"కొళాయి వస్తే దేవుడికి దణ్ణం. రాకపోతే మునిసిపాలిటీకి తిట్లు. ఇది యా ఊరి న్యాయం?"

ఆ వాదనలో ఆయనే గెలిచేవాడు. కానీ కొళాయి వచ్చినప్పుడు సంతోషం కలగడం మానలేదు. ఆ సంతోషాన్ని ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కదా.

అత్త విషయంలో మాత్రం ఆయన మాటలు ఇంకా లోతుగా దిగేవి. పెళ్ళయిన కొత్తలో ఆమె బిడ్డల కోసం మొక్కని దేవుడు లేడు. ఆయన ఆ మొక్కులన్నీ వరుసగా గుర్తుపెట్టుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా, ఆమె వాళ్ళకు మంచినీళ్ళు అందిస్తూ ఉండగానే, "ఈమె పదకొండు అర్జీలు పెట్టింది. అందినట్టు ఒక్క రసీదు కూడా రాలేదు," అనేవాడు. ఆమె గ్లాసు కింద పెట్టి లోపలికి పోయేది. ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. నేను దాన్ని ఓర్పు అనుకున్నాను. ఎంత సన్నటి మనిషి, ఎంత మెల్లగా మాట్లాడే మనిషి. ఆమె గొంతు పెంచగా నేను విన్నది ఒక్కసారే.

ఒక శనివారం ఆమె పిండి దీపం పెట్టింది. బియ్యప్పిండి, బెల్లం కలిపి ప్రమిదలా చేసి, నెయ్యి పోసి వెలిగించే దీపం. హారతికి నన్నూ పిలిచింది. ఆయన లోపలికి వచ్చి, బీడీ నోట్లో పెట్టుకుని, వంగి ఆ దీపానికి అంటించుకున్నాడు. "అగ్గిపుల్ల యాల దండగ," అన్నాడు.

అత్త హారతి పళ్ళెం కింద పెట్టి గొంతు పెంచింది.

"ఇంట్లో ఆడోళ్ళ ముందర ఏమైనా చేస్తారు. దమ్ముంటే కాణిపాకంలో నిలబడి ఒక్క అబద్ధం చెప్పండి, చూస్తాం."

కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం అంటే మా జిల్లాలో కోర్టు తీర్పు కన్నా పెద్దది. స్నానం చేసి తడి బట్టలతో ఆ స్వామి ఎదుట నిలబడి అబద్ధమాడినవాడు బాగుపడడని నమ్మకం. దొంగతనాలు, గట్టు తగాదాలు, మొగుడూ పెళ్ళాల అనుమానాలు అక్కడ తేలిపోతాయి. చాలామంది దారిలోనే నిజం ఒప్పుకుని వెనక్కి తిరుగుతారు. ఆయనకు కోపం రాలేదు. ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు ఎదుటి పార్టీ తరపున ఒకరు సవాలు విసిరారు.

"రాసుకో! ఆదివారమే పోదాం. అమ్మణ్ణీ, నువ్వూ రా. సాక్షి కావల్ల."

పూతలపట్టులో బస్సు దిగాం. ఆయన అక్కడి హోటల్లో కాఫీ తాగాడు. మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి తాగి, లోటా వంచి, అడుగున చుక్క కూడా లేదని చూపించాడు. "పెద్ద అబద్ధం యాలా? దేవుడనేవోడు ఉంటే చిన్నది కూడా తెలస్తుంది," అన్నాడు. కాణిపాకంలో స్నానం చేసి, తడి పంచెతో చేతులు జోడించి నిలబడ్డాడు. బెంచి క్లర్కు గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"ఈ పొద్దు నేను కాఫీ తాగలేదు. ఇది అబద్ధమైతే మండలం దినాల లోపల నాకు శిక్ష పడాల. నాకే పడాల."

మండలం అంటే నలభై ఎనిమిది రోజులు. గడువు పెట్టింది ఆయనే. అత్త కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆయన్ని కాపాడమని వేడుకుంటోందనుకున్నాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే అద్దంలో నాలుక చాపి చూసుకుని, గోడ మీదుగా కేకేసేవాడు. "అమ్మణ్ణీ, ఉండాది! రాసుకో!" నేను నవ్వేదాన్ని. నవ్వి, వెంటనే భయపడి, చెంపలు వేసుకునేదాన్ని. నలభై ఎనిమిదో రోజున వీధి వీధికంతా కాఫీ పోయించాడు. కాచింది అత్తే. ఇత్తడి బిందె మోసుకుని ఇంటింటికీ ఆయనే తిరిగాడు. పూలమ్మే ఆమె లోటా పట్టుకుని, "అబ్బా, ఒగ దినం ఆలీసెంగా పడితే ఏం జేస్తావబ్బా?" అంది.

"గడువంటే గడువే. దాటినాక ఏది వచ్చినా చెల్లదు. చట్టంలో ఒకటే మినహాయింపు. ఆఖరు దినం సెలవుల్లో పడితే, సెలవులైపోయి కోర్టు తెరిచిన దినం దాఖలు చేసుకోవచ్చు. దేవుడికి సెలవులు ఏముండాయి?" అని విరగబడి నవ్వాడు.

ఆరు రోజుల తరువాత, పొద్దున ముగ్గు వేయడానికి వంగిన అత్త లేవలేదు. నేనే చూశాను. ముగ్గుపిండి చేతిలోనే ఉంది. నోరు ఎడమవైపుకి వంకర తిరిగింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడిపోయాయి. మాట పడిపోయింది. డాక్టరు వచ్చి చూసి, రక్తపోటు వల్ల వచ్చిన పక్షవాతమన్నాడు. వెంటనే వేలూరు తీసుకుపోతే అక్కడ మందులతో బాటు చేతికీ నాలుకకీ కసరత్తు చేయిస్తారనీ, మొదటి రెండు మూడు నెలలే ముఖ్యమనీ, మాట కొంతైనా తిరిగి వస్తుందనీ చెప్పాడు. ఆయన ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. మరునాటి పొద్దుటికి టాక్సీ మాట్లాడాడు. తన చేత్తో పెట్టె సర్దాడు. ఆమె చీరలు మడత పెట్టడం రాక, నన్ను పిలిచి అడిగాడు.

మధ్యాహ్నానికి వీధిలో ఆడవాళ్ళంతా చేరారు. "నాలిక పడింది సూడు. ఆయప్పది పడాల్సింది ఆయమ్మది పడింది." "ఆట్లాడుకుంటాడా దేముడితో?" గుసగుసలు కావు, ఆయనకు వినబడాలనే అన్నారు. ఆయన వాకిట్లోకి వచ్చాడు.

"నేను పెట్టిన గడువు దాటి ఆరు దినాలైంది. దీనికీ దానికీ సంబంధం లేదు. రక్తపోటు. డాక్టరు చెప్పినాడు. గడువు దాటినాక ఏది వచ్చినా చెల్లదు."

ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని కదలబోయారు. ఆయన తర్కం ముందు నోరు మూసుకోవడం ఆ వీధికి అలవాటే. అప్పుడు నేను, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, వెనక నుంచి అన్నాను.

"గడువు ఆఖరు రోజు అధిక శ్రావణంలో పడింది కదా మామా. అధిక మాసంలో పెండ్లిండ్లు లేవు, ముహూర్తాలు లేవు. దేవుడికి అవి సెలవులే. ఈ పొద్దు నిజ శ్రావణ పాడ్యమి. కోర్టు తెరిచిన రోజు."

చాలా మెల్లగానే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు సంతోషం కలిగింది. అన్నేళ్ళు కొళాయి గురించీ పాల గురించీ నన్ను ఓడించిన మనిషిని ఆయన చట్టంతోనే ఓడించాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

ఆయన చెవి వెనుక పెన్సిలు తీసి, గోడ మీద తిథులు వేసుకుని లెక్క చూశాడు. రెండుసార్లు చూశాడు. తరువాత నా వైపు తిరిగి, "కరెక్టే," అన్నాడు. ఇంకెవరైనా అయితే వాదించేవాళ్ళు, తిట్టేవాళ్ళు. ఆయన ఆ పుంగనూరు పిల్ల మీద చూపని కనికరాన్ని తన మీద కూడా చూపుకోలేదు. పెన్సిలు గోడ వారన పెట్టి లోపలికి పోయాడు.

మరునాడు టాక్సీ వచ్చింది. అత్తను వెనక సీట్లో పడుకోబెట్టాం. డ్రైవరు "వేలూరికే గదా అబ్బా?" అని అడిగితే, ఆయన "కాణిపాకం పోనీ," అన్నాడు.

తడి బట్టలతో నిలబడి, "తాగినాను సామీ, తాగలేదని చెప్పినాను," అని పదిమంది వినేలా ఒప్పుకున్నాడట. అత్తను అలాగే తీసుకొచ్చాడు. ఆ రోజు నుంచి మందులు మాన్పించాడు. నేను పోయి కాళ్ళా వేళ్ళా పడ్డాను.

"మామా, నేను ఏదో నోటికొచ్చి అన్నాను. వేలూరు తీసుకుపోండి."

"తీర్పు వచ్చినాక డాక్టరు తావకి పోయేది యాలా? సామి ఇచ్చింది సామే తీయాల."

"దేవుడు అట్లాంటోడు కాదు మామా. మీరు కాఫీ తాగినారని అత్తకు శిక్ష వేస్తాడా? ఆయన దయ గలవాడు."

ఆయన కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించి, కళ్ళకు పెట్టుకుని నన్ను చూశాడు. ఆ జోడు కళ్ళ మీద ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

"శిక్ష వేస్తాడనేదానికి సాక్ష్యం నువ్వే చూపించినావు. తిథితో సహా చూపించినావు. దయ గలవాడనేదానికి ఏం సాక్ష్యం ఉండాది, చెప్పు."

"నాకు ఇద్దరు బిడ్డల్ని ఇచ్చినాడు మామా. చల్లగా ఉండారు."

"నాకు లేరు. అది దేనికి సాక్ష్యం?"

నేను ఇంటికి వచ్చేశాను. దేవుడి గదిలో కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుడు పాలు పొంగనివ్వని దేవుడు, పిల్లల్ని ఇంటికి చేర్చే దేవుడు. ఆయన ఉన్నాడని ఎవరికీ నిరూపించలేను. నేను నిరూపించగలిగింది ఒక్క దేవుణ్ణే. కాఫీకి బదులు భార్య నాలుక తీసుకునే దేవుణ్ణి. ఆ దేవుణ్ణి నేను ఏనాడూ కొలవలేదు. నా చేతులతో పక్కింట్లో ప్రతిష్ఠించి వచ్చాను.

రెండు నెలలు దాటాయి. డాక్టరు చెప్పిన గడువు దగ్గర పడుతోంది. అత్త కుడి చేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నాయి. మాటలతో లాభం లేదని అర్థమయ్యాక, ఒక ఉదయం ఆయన దగ్గరికి పోయి, నా జన్మలో ఆడని అబద్ధం ఆడాను.

"మామా, నిన్న మీరు బయటికి పోయినప్పుడు అత్త మాట్లాడింది. 'నీళ్ళు' అనింది. స్పష్టంగా విన్నాను. స్వామి క్షమించినాడు. ఇంక వేలూరుకు పోవచ్చు."

ఆయన లేచి నిలబడ్డాడు. ముఖంలోకి రక్తం వచ్చింది. ఆ ఆశ చూసి, నా అబద్ధం పుణ్యమేనని అనుకున్నాను. కానీ ఆయన ఆయనే. లోపలికి పోయి కర్పూరం బిళ్ళ తెచ్చి, అత్త మంచం పక్కన పళ్ళెంలో పెట్టి వెలిగించాడు.

"ఆర్పి చెప్పు అమ్మణ్ణీ."

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు మా వైపు తిరుగు లేదు. బిడ్డలున్న తల్లి అబద్ధానికి ఆ పని చేయదు. నేను అరచెయ్యి దాని మీద వేశాను. కాలింది. "అత్త మాట్లాడింది," అన్నాను.

ఆయన అత్త వైపు తిరిగాడు. "ఏమ్మే, మాట్లాడినావా?"

తల ఊపితే చాలు. వీధి మలుపులోనే టాక్సీలు దొరుకుతాయి. ఆమె కళ్ళు నన్ను చూశాయి, ఆయన్ని చూశాయి. తల అడ్డంగా తిప్పింది. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ తిప్పింది, ఈసారి ఇంకా నిదానంగా, తప్పు పోకుండా.

ఆయన నన్ను తిట్టలేదు. పళ్ళెం తీసి పక్కన పెట్టి, "నీ గడువు ఈ పొద్దు నుంచి మొదలు అమ్మణ్ణీ," అన్నాడు. అంతే.

ఆ నలభై ఎనిమిది రోజులు నేను ఎలా గడిపానో మా ఆయనకు కూడా చెప్పలేదు. పిల్లలు తుమ్మితే నుదురు తాకి చూసేదాన్ని. బడికి పంపి, వీధి చివర నిలబడేదాన్ని. ఏమీ కాలేదు. అధిక మాసమూ రాలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఇప్పటికీ పెట్టుకుంటున్నాను. అది దయకు సాక్ష్యమని మాత్రం ఎవరికీ చెప్పను. సాక్ష్యాల జోలికి పోవడం మానేశాను.

ఆ రోజుల్లోనే ఒకసారి, ఆయన ఇంట్లో లేడనుకుని అత్త దగ్గర కూర్చున్నాను. కాలిన చెయ్యి చూపించాను.

"యాల తల తిప్పినావు అత్తా? ఊ అనింటే బాగుపడేదానివి కదా. మాట వచ్చేది కదా."

ఆమె ఎడమ చెయ్యి లేపి కిటికీ వైపు చూపించింది. కిటికీలోంచి అరుగు కనబడుతోంది. కొండ దిగి వచ్చిన ఎవరో ముసలి యాత్రికుడు గుండుతో కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు పాదాలూ పట్టుకుని, "నా తరపున ఒక మాట చెప్పినావా సామికి?" అని బతిమాలుతున్నాడు. ముసలాయన భయపడి కాళ్ళు వెనక్కి లాక్కుంటున్నాడు. ఆయన వదలడం లేదు.

నేను అత్త వైపు తిరిగాను. ఆమె ముఖంలో కదిలే సగం నవ్వుతోంది.

బాగుపడితే ఆయన మళ్ళీ మామూలు మనిషి అవుతాడు. రక్తపోటు అంటాడు, మందు అంటాడు, దీపానికి బీడీ అంటించుకుంటాడు. పదకొండు అర్జీలూ వచ్చినవాళ్ళకు చదివి వినిపిస్తాడు. మాట తిరిగి రావడం కన్నా ఆయన అలా మోకాళ్ళ మీద ఉండటమే ఆమెకు కావలసింది. ఆమెది ఓర్పు అనుకున్నాను అన్నాను కదా. నాకు మనుషుల్ని చదవడం మా నాయన నేర్పలేదు.

ఆమెకు గంజి తాగించేది ఆయనే. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, చెంచా నోటి దాకా తెచ్చేవాడు. ఆమె నోరు తెరిచేది కాదు. ఎడమ చేత్తో కంచం అంచు మీద టక్కున కొట్టేది. ఆయన "గోవిందా" అనేవాడు. అప్పుడు నోరు తెరిచేది. మింగేది. మళ్ళీ కంచం మీద కొట్టేది. ఆయన నెమ్మదిగా అంటే ఇంకోసారి కొట్టేది. గట్టిగా అనాలి. గంజి చల్లారిపోయేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోడ అవతల నుంచి ఆ చప్పుడు, ఆ వెంటనే ఆ గొంతు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చేతులు జోడించేవాళ్ళు. ఎంత భక్తి, ఎంత మార్పు అని పిల్లలకు చూపించేవాళ్ళు. నేను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, చెంచాలు లెక్కపెట్టేదాన్ని.

ఏడాదిన్నర అలా బతికి ఆమె పోయింది. వేళ్ళు ముడుచుకుపోయిన ఆ కుడి చేతిని, సాగనంపే ముందు, నేనే నీళ్ళతో తడిపి విప్పడానికి చూశాను. విచ్చుకోలేదు.

మా ఆయనకు చిత్తూరుకు బదిలీ అయింది. సామాను బండికెక్కించాక మామకు చెప్పి వద్దామని పక్కింట్లోకి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం వేళ. ఆయన ఒక్కడే కింద కూర్చుని ఉన్నాడు. ముందు కంచంలో అన్నం, చారు. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి ఆగాడు. ఎడమ చేత్తో కంచం అంచు మీద తనే టక్కున కొట్టుకున్నాడు. "గోవిందా," అన్నాడు. చాలినంత గట్టిగా రాలేదేమో, మళ్ళీ కొట్టాడు.